ఫెర్రెట్ అల్లరికి కారణాలు

ముంగిసను మీరు చూసే ఉంటారు. సన్నగా, పొడవుగా, పొట్టి కాళ్లతో దాదాపు అలాగే కనిపించే జంతువు ఫెర్రెట్. అయితే ఇది ముంగిసకు చుట్టం కాదు. నీరుకుక్క కుటుంబానికి చెందినది. ఐరోపా అడవుల్లో తిరిగే పోల్‌కాట్ అనే జంతువును మచ్చిక చేయగా ఇది ఏర్పడింది. బొరియల్లో దాగిన కుందేళ్లను బయటికి తరమడానికి దీనిని పూర్వం పెంచేవారు. నేడు ఇంగ్లండు, అమెరికా వంటి దేశాల్లో చాలామంది దీనిని ముచ్చటకొద్దీ పెంచుకుంటున్నారు.

పెంచేవారికి దీనితో కొన్ని చిక్కులున్నాయి. ఇది బొరియల్లో తిరిగే వేటజంతువు అని గుర్తుంచుకుంటే ఆ చిక్కులకు కారణాలూ, ఉపాయాలూ దొరుకుతాయి.

ఎందుకు కరుస్తుంది?

ఫెర్రెట్ కూనలు ఒకదాని మెడ ఒకటి కొరుకుతూ ఆడుకుంటాయి. వాటి చర్మం మందం కనుక నొప్పి అంతగా తెలియదు. మన చర్మం పలుచనిదని దానికి ఎలా తెలుస్తుంది? కొడితే భయపడి ఇంకా గట్టిగా కరుస్తుంది. కరిచిన వెంటనే ఆట ఆపి, కొద్ది నిమిషాలు ఒంటరిగా వదలాలి. నెమ్మదిగా ఆడినప్పుడు చిన్న మాంసం ముక్క పెట్టాలి. సాధువుగా ఉండే ఫెర్రెట్ హఠాత్తుగా కరిస్తే, దానికి ఎక్కడో నొప్పి ఉందేమో పశువైద్యునికి చూపించాలి.

మూలలు ఎందుకు పాడుచేస్తుంది?

దాని పేగు చాలా పొట్టిది. తిన్నది 3, 4 గంటల్లోనే బయటికి వచ్చేస్తుంది. అందుకే మాటిమాటికీ ఏదో ఒక మూలకు వెనక్కి నడిచి విసర్జిస్తుంది. అది ఎంచుకొన్న మూలలోనే ఒక ట్రే ఉంచి, నిద్ర లేవగానే అందులో దించితే క్రమంగా అలవాటవుతుంది. ఇది మాంసాహారి. పండ్లు, ధాన్యాలు దానికి సరిగా అరగవు.

వస్తువులు ఎందుకు దాస్తుంది?

లాటిన్ భాషలో 'ఫూర్' అంటే దొంగ. ఫెర్రెట్ పేరు అందులోంచే వచ్చింది. దొరికినవన్నీ మంచాల కిందికి చేరవేయడం దానికి సరదా. ఇందులో ఒక అపాయం ఉంది. రబ్బరు ముక్కలు కొరికి మింగితే అవి పేగుకు అడ్డుపడతాయి. తిండి మానినా, వాంతి చేసుకున్నా వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలి. ఆలస్యమైతే ప్రాణం పోవచ్చు. అందుచేత రబ్బరు చెప్పులు, బొమ్మలు దానికి అందకుండా ఉంచాలి.

వాసన పోయేదెలా?

చర్మంలోని నూనె గ్రంథుల వల్ల ఆ వాసన వస్తుంది. తరచుగా స్నానం చేయిస్తే చర్మం ఎండిపోయి, గ్రంథులు మరింత నూనెను స్రవిస్తాయి. ఒంటికి బదులు పక్కబట్టలను తరచుగా ఉతకడమే మేలు.

ఎండకు తాళలేదు

చెమట పట్టి ఒళ్లు చల్లబడే ఏర్పాటు దీనికి సరిగా లేదు. 30 డిగ్రీల సెంటిగ్రేడు దాటితే వడదెబ్బ తగలవచ్చు. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లు దీనికి తగినవి కావు.

మీ ఇంట్లో కుక్కపిల్ల చెప్పులు కొరుకుతోందా? కర్ర తీసే ముందు ఎందుకు కొరుకుతోందో గమనించండి. దానికి పళ్లు వస్తున్నాయేమో!