ట్రాముంతానా కొండల్లో వలయ యాత్ర

స్పెయిన్ దేశానికి తూర్పున, మధ్యధరా సముద్రంలో మయోర్కా ద్వీపం ఉంది. దాని వాయవ్య తీరమంతా గోడ కట్టినట్లు సున్నపురాతి పర్వతశ్రేణి వ్యాపించి ఉంటుంది. దాని పేరు సెర్రా దె ట్రాముంతానా. ఉత్తరం నుండి వీచే ట్రాముంతానా అనే గాలి పేరే ఈ కొండలకూ సంక్రమించింది. వీటిలో ఎత్తైన శిఖరం పుయిజ్ మజోర్. అది 1400 మీటర్లకు పైబడి ఉంటుంది. ఈ కొండవాలులలో రైతులు సున్నం గానీ మట్టి గానీ లేకుండా రాతిపై రాయి పేర్చి గోడలు కట్టి, మెట్లు మెట్లుగా ఆలివు తోటలు పెంచారు. మానవశ్రమ మలచిన ఈ భూదృశ్యాన్ని 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

నేడు వసంతకాలం రాగానే ఐరోపా నలుమూలల నుండి సైకిలు యాత్రికులు ఈ కొండలను వెతుక్కుంటూ వస్తారు. వారిలో చాలామంది కోరుకునేది ఒక వలయ మార్గం. బయలుదేరిన చోటికే తిరిగి చేరాలి, దారి మాత్రం పునరావృతం కారాదు. అయితే ఈ కొండల్లో ఆ నియమాన్ని భంగపరచే రోడ్డు ఒకటుంది. తమాషా ఏమంటే, యాత్రికులందరూ వచ్చేది ఆ రోడ్డు కోసమే.

అది సా కలోబ్రా రోడ్డు. 682 మీటర్ల ఎత్తున ఉన్న కోల్ దెల్స్ రెయిస్ అనే కనుమ నుండి సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న పల్లె దాకా సుమారు తొమ్మిదిన్నర కిలోమీటర్లు దిగుతుంది. 1930ల తొలినాళ్ళలో ఆంటోనియో పారియెట్టి అనే ఇంజనీరు దీనికి రూపకల్పన చేశాడు. రాతి గుట్టల నడుమ పాములా మెలికలు తిరిగే ఈ రోడ్డులో ఒకచోట స్థలం చాలక, రోడ్డు తన చుట్టూ తానే తిరిగి తన కిందుగానే దూరిపోతుంది. స్థానికులు దానిని 'టై ముడి' అంటారు. ఈ పల్లె నుండి వెలుపలికి మరొక రోడ్డు లేదు. దిగినవాడు దిగినంతా మళ్ళీ ఎక్కవలసిందే. సాధారణంగా కొండ ఎక్కేవానికి అలసట వస్తే వెనుదిరిగే వీలుంటుంది. ఇక్కడ వరుస తలకిందులు. ముందు సుఖం, తరువాత కష్టం. బలం చాలదని తెలిసే సమయానికి యాత్రికుడు సముద్రమట్టాన నిలిచి ఉంటాడు.

కాబట్టి ప్రణాళిక కాగితం మీదనే మొదలు కావాలి. కొండల పాదాన ఉన్న కైమారి గ్రామం నుండి బయలుదేరి, కోల్ దె సా బతాల్యా కనుమ ఎక్కి, ల్యూక్ మఠాన్ని దాటి, సా కలోబ్రా దిగి, ఎక్కి, గోర్గ్ బ్లౌ, కూబెర్ జలాశయాల పక్కగా సాగి, సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్న సొరంగం దాటి సోల్యెర్ పట్టణానికి దిగాలి. అక్కడి నుండి మరొక కనుమ ఎక్కి బున్యోలా చేరి, మైదానం మీదుగా తిరిగి రావాలి. మొత్తం సుమారు 110 కిలోమీటర్లు. ఎక్కవలసిన ఎత్తులన్నీ కలిపితే రెండువేల మీటర్లు మించుతుంది.

ఇదే వలయాన్ని ఎదురు దిశలో తిరగరాదా? తిరగవచ్చు. కానీ అప్పుడు సోల్యెర్ నుండి పద్నాలుగు కిలోమీటర్ల ఏకధాటి ఎక్కుడు ముందు వస్తుంది. సా కలోబ్రా మధ్యాహ్నపు ఎండలో, అలసిన కాళ్ళకు మిగులుతుంది. ఆ వేళకు పర్యాటకుల బస్సులు కూడా ఆ ఇరుకు మలుపులను నింపుతాయి. పటంలో రెండు దిశలూ ఒకటే. శరీరానికి మాత్రం కావు.

ఇక గేర్ల విషయం. సా కలోబ్రా సగటు వాలు సుమారు 7 శాతం, అనగా వంద మీటర్లకు ఏడు మీటర్ల ఎత్తు. యాత్రికుడూ సైకిలూ కలిసి 80 కిలోలు అనుకుందాం. ముందు పళ్ళచక్రానికి 34, వెనుకదానికి 32 పళ్ళు ఉంటే, పెడలు ఒక్కసారి తిరిగినప్పుడు సైకిలు సుమారు 2.2 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 సార్లు తొక్కితే గంటకు 8 కిలోమీటర్ల వేగం. ఆ వాలులో బరువును పైకి ఎత్తడానికే 120 వాట్ల పైచిలుకు కావాలి. అదే 39, 25 పళ్ళ గేరు అయితే, అంతే తొక్కుడుకు 180 వాట్లు కావాలి. మొదటిది అలవాటున్న సామాన్యునికి సాధ్యం. రెండవది గంటకు పైగా నిలుపుకోవడం కొద్దిమందికే సాధ్యం. చిన్న గేరు పెట్టుకోవడం నామోషీ అనుకునేవారు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. వారిలో కొందరు ఏడవ కిలోమీటరు దగ్గర సైకిలు దిగి నడుస్తూ కనిపిస్తారు.

ఆహారం లెక్క ఇంకా సులభం. 80 కిలోలను 670 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి సుమారు 525 కిలోజౌళ్ళ పని జరగాలి. మన కండరాలు ఆహారశక్తిలో నాలుగో వంతునే పనిగా మార్చగలవు. ఒక కిలోక్యాలరీ నాలుగు కిలోజౌళ్ళకు కొంచెం ఎక్కువ. ఈ రెండూ ఒకదానికొకటి కొట్టివేసుకోగా, పని ఎన్ని కిలోజౌళ్ళో ఆహారం దాదాపు అన్ని కిలోక్యాలరీలు అవుతుంది. ఆ ఒక్క కొండకే 525 కిలోక్యాలరీలు. శరీరంలో పిండిపదార్థ రూపంలో నిలువ ఉండేదే రెండువేల కిలోక్యాలరీల చుట్టుపక్కల. కనుక ఆకలి వేసేదాకా ఆగకుండా మొదటి గంట నుండే గంటకు 60 గ్రాముల పిండిపదార్థమైనా తింటూ ఉండాలి. అరటిపండ్లు, ఖర్జూరాలు, రొట్టె, ఏవైనా సరే.

సముద్రతీరాన చెమట పట్టిన శరీరానికి 850 మీటర్ల ఎత్తున గాలి అయిదు డిగ్రీలకు పైగా చల్లగా తగులుతుంది. పైగా ఆ వెంటనే సోల్యెర్ దాకా దిగుడే. జేబులో మడిచి పెట్టుకున్న పలుచని గాలి చొక్కా విలువ అప్పుడు తెలుస్తుంది. ట్రాముంతానా గాలి బలంగా వీచే రోజున యాత్ర వాయిదా వేయడమే మంచిది. మలుపు తిరిగిన మరుక్షణం పక్క నుండి తోసే గాలిని ఏ లెక్కా ముందుగా చెప్పలేదు. భారతదేశం నుండి వెళ్ళేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. స్పెయిన్‌లో వాహనాలు కుడివైపున నడుస్తాయి. ఎక్కేటప్పుడు ఇబ్బంది ఉండదు గానీ, వేగంగా దిగుతూ ఎదురుగా బస్సు కనిపించినప్పుడు పాత అలవాటు చేతులను ఎడమకు లాగుతుంది. ఊళ్ళ వెలుపల హెల్మెట్ ధరించడం అక్కడ చట్టం. సైకిలును దాటే వాహనం కనీసం మీటరున్నర ఎడం విడవాలన్నదీ చట్టమే.

అన్నిటికన్నా ముఖ్యమైన నిర్ణయం ప్రధాన రహదారి నుండి సా కలోబ్రా దారి చీలే చోట తీసుకోవాలి. పాత జలవాహక కట్టడపు కమాను పక్కనే ఆ కూడలి ఉంది. పై గేరు లెక్క ప్రకారం గంటకు 560 మీటర్ల ఎత్తు ఎక్కితే, ఎక్కుళ్ళకే దాదాపు నాలుగు గంటలు, మిగిలిన దారికి మూడు గంటలు, విరామాలకు ఒక గంట పడుతుంది. ఉదయం ఏడున్నరకు కైమారిలో బయలుదేరినవాడు తొమ్మిది గంటలకు ఆ కూడలి చేరాలి. తొమ్మిదిన్నర దాటితే దిగరాదు; నేరుగా సోల్యెర్ దారి పట్టాలి. అప్పుడు వలయం సుమారు 85 కిలోమీటర్లకు తగ్గుతుంది. ఈ గడువును ముందురాత్రే కాగితం మీద రాసి పెట్టుకోవాలి. కూడలిలో నిలబడి ఆలోచిస్తే ప్రతి మనసూ దిగమనే చెబుతుంది.

సోల్యెర్ తరువాతి కనుమ దాదాపు 500 మీటర్ల ఎత్తు. 1997లో కొండ కింద సొరంగం తెరిచాక వాహనాలన్నీ అటు మళ్ళాయి. సొరంగంలోకి సైకిళ్ళకు ప్రవేశం లేదు. మలుపుల పాత రోడ్డు వాటికే మిగిలినంత ప్రశాంతంగా ఉంటుంది. దిగితే బున్యోలా, ఆపై ద్రాక్షతోటల బినిసాలెం, తరువాత ఒక పట్టణం. దాని పేరు 'ఇంకా'. దారిపలకపై ఆ పేరు చదివిన తెలుగు యాత్రికునికి నవ్వు రాక మానదు. నిజానికి అక్కడి నుండి కైమారికి మిగిలింది ఏడు కిలోమీటర్లే. అదీ స్వల్పమైన ఎక్కుడే.