లబ్బక్‌కు బయలుదేరుతున్న మేనకోడలికి

ఫ్రిస్కో, మే 25

బిడ్డా,

మొన్న ఫోన్లో నీ గొంతు విని అడ్మిషన్ రాలేదేమో అనుకున్నాను. తీరా చూస్తే వచ్చింది. టెక్సాస్ టెక్‌లో సీటొచ్చిన పిల్ల, ఊరి పేరు లబ్బక్ అని ఏడుస్తున్నది! "ఫ్రెండ్సందరూ డల్లాస్ చుట్టుపక్కలే అత్తా, నేనొక్కదాన్నే పల్లెటూరికి" అన్నావు. మీ బాపు పక్కనుంచి సర్దిచెప్పబోతే ఫోన్ పెట్టేశావు. ఫోన్లో నువ్వు విననిది రాస్తే చదువుతావని ఈ ఉత్తరం.

పల్లెటూరు కాదది. 2020 జనాభా లెక్కల్లో 2 లక్షల 57 వేల మంది ఉన్నారు. మన వరంగల్ కంటే చాలా చిన్నదే గాని, రెండు పెద్ద ఆసుపత్రులు, విమానాశ్రయం, 1923లో పుట్టిన యూనివర్సిటీ ఉన్నాయి. ఆ యూనివర్సిటీలో 40 వేల మంది పిల్లలు చదువుతున్నారు. ఊరు కాస్త దూరం, అంతే. డల్లాస్ నుంచి కారులో ఐదు గంటల పైన పడుతుంది. మధ్యలో ఏముంటుంది అంటావా, గాలిమరలు, ఆవులు, ఆకాశం.

నేను అక్కడ 21 ఏళ్లున్నాను. ఈ ఫ్రిస్కోకు వచ్చింది 2022లో. కానీ ఆ 21 ఏళ్లలో మొదటి రెండూ నేను అక్కడ ఉన్నట్టు లెక్కలోకి రావు. 2001 జనవరిలో దిగాం. మీ మామయ్యకు రెండేళ్ల ఉద్యోగం, తర్వాత ఏదో పెద్ద ఊరికి పోతామని నా ధీమా. అందుకని మీ నాయనమ్మ కట్టించిన అట్టపెట్టెలు విప్పనే లేదు. రెండేళ్ల కోసం మళ్లీ విప్పడం, మళ్లీ కట్టడం ఎందుకని. ప్రెషర్ కుక్కర్ కూడా పెట్టెలోనే ఉంది. గిన్నెలో కందిపప్పు వేసి గంటన్నర కాచినా గింజ గింజలాగే ఉండేది. పప్పు పాతదేమోనని కొట్టువాడిని తిట్టుకున్నాను. మీ మామయ్య నవ్వి చెప్పాడు, ఆ ఊరు సముద్రమట్టానికి 3,200 అడుగుల ఎత్తున ఉందట, నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయట. చూస్తే చాపలా చదునుగా ఉండే నేల, అంత ఎత్తున ఉందంటే ఎవరు నమ్ముతారు! అయినా పంతానికి కుక్కర్ తీయలేదు. రెండేళ్లు ఉడికీ ఉడకని పప్పు తిన్నాం. నువ్వు ఆ పని చెయ్యొద్దు. బస్టాండులో కూర్చున్నట్టు రెండేళ్లు గడపకు, దిగిన రోజే పెట్టెలు విప్పెయ్.

ఊరిని పట్టుకోవడం తేలిక. తూర్పుపడమరలుగా పోయే వీధులకు అంకెలు, 19వ వీధి, 34వ వీధి, 50వ వీధి అని. ఉత్తరదక్షిణాలుగా పోయేవాటికి మొదట ఉత్త అక్షరాలు, యూనివర్సిటీ అవెన్యూ దాటి పడమరకు పోతే ఊళ్ల పేర్లు. అవీ అక్షరాల వరుసలోనే: బోస్టన్, కాంటన్, డెట్రాయిట్, ఎల్గిన్, ఫ్లింట్, గ్యారీ, హార్ట్‌ఫర్డ్, ఇండియానా. ఏబీసీడీలు వచ్చినవాళ్లెవరూ లబ్బక్‌లో దారి తప్పరు. నేను తప్పాను, అది వేరే సంగతి. సిటీబస్ క్యాంపస్ చుట్టూ బాగానే తిరుగుతుంది. రాత్రిపూట, ఆదివారాలు మాత్రం దాన్ని నమ్ముకోకు. మొదటి సెమిస్టర్ క్యాంపస్‌కు నడిచిపోయేంత దూరంలో ఉండు. రెండో సెమిస్టర్‌కు లైసెన్సు తీసుకుని, నలుగురు కలిసైనా ఒక పాత కారు కొనుక్కోండి.

ఇక గాలి. నువ్వెంత చదువుకుని పోయినా దీనికి సిద్ధంగా ఉండవు. ఫిబ్రవరి చివర మొదలై మే దాకా కొడుతుంది. ఏడాది మొత్తానికి 18, 19 అంగుళాల వాన పడే నేల. దున్ని వదిలిన చేలల్లో ఎర్రమట్టి పొడిపొడిగా ఉంటుంది, గాలి వచ్చి దాన్ని ఎత్తుకుంటుంది. కిటికీ ఎంత బిగించినా కంచంలో సన్నటి దుమ్ము. పెదాలు పగులుతాయి, జుట్టు చీపురవుతుంది. మీ అమ్మ కొబ్బరినూనె పెడతానంటే వద్దనకు.

2011 అక్టోబర్ 17 సాయంత్రం నేను ఆసుపత్రి ల్యాబులో డ్యూటీ దిగి కారు దగ్గరికి నడుస్తున్నాను. ఉత్తరం వైపు ఒక గోడ కనిపించింది. ఇటుకరంగు గోడ. ఈ చివర నుంచి ఆ చివరకు, ఎన్నో వేల అడుగుల ఎత్తున. చప్పుడు లేదు. పక్కన నిలబడిన నర్సమ్మ "గెట్ ఇన్ ద కార్, హనీ" అని నన్ను తన కారులోకి లాగి తలుపు వేసింది. అద్దాలకు ఇసుక కొట్టుకున్న చప్పుడు చేటలో బియ్యం చెరిగినట్టుంది. పట్టపగలు వీధి దీపాలు వెలిగాయి. మా ఎదురుగా ఉన్న కారే కనిపించలేదు. ఆవిడ ఆ చీకట్లో తాపీగా సంచిలోంచి బిస్కెట్లు తీసి నాకిచ్చింది. "దీన్నే మేం వెదర్ అంటాం" అన్నది. పదేళ్లు ఒకే ఆసుపత్రిలో పనిచేశాం, ఆవిడ పేరు నాకు ఆ రోజు తెలిసింది. సిగ్గనిపించింది.

టోర్నడో గురించి మీ అమ్మ అడిగింది. దాచడమెందుకు, 1970 మే 11 రాత్రి ఊరి నడిబొడ్డు మీదుగా వచ్చింది, 26 మంది పోయారు. షికాగో నుంచి ఫుజిటా అనే జపాన్ శాస్త్రవేత్త వచ్చి ఆ శిథిలాలన్నీ పరిశీలించాడు. గాలి దేన్ని ఎలా విరిచిందో చూడటంతో మొదలుపెట్టి టెక్సాస్ టెక్ ఇంజనీర్లు గాలి మీదే ఒక పరిశోధన సంస్థ నిలబెట్టారు. 2007 నుంచి అమెరికాలో టోర్నడో తీవ్రతను కొలిచే స్కేలు అక్కడ తయారైనదే. దెబ్బ తిన్న ఊరు ఆ దెబ్బనే చదువుగా మార్చుకుంది చూశావా, నాకు ఆ ఊళ్లో బాగా నచ్చిన సంగతుల్లో ఇదొకటి. నువ్వు గుర్తుంచుకోవాల్సింది రెండు మాటలు. ఫోన్లో "వాచ్" అని వస్తే రావచ్చునని. "వార్నింగ్" అని వస్తే వచ్చేసిందని, వీడియో తీయడానికి బాల్కనీలోకి పరుగెత్తకుండా కిటికీలు లేని బాత్రూంలోకి పోవాలని.

పత్తి సంగతి నీకోసం కాదు, మీ బాపు కోసం రాస్తున్నాను, చదివి వినిపించు. లబ్బక్ చుట్టూ కనుచూపు మేర పత్తి. ఒక ఏడు నవంబరులో ఊరి బయట కారు ఆపి చేను గట్టున నిలబడ్డాను. మన పరకాల వైపు చేలలో ఎంతమంది ఆడవాళ్లుంటారు, నడుముకు ఒడి కట్టుకుని, మూడుసార్లు నాలుగుసార్లు ఏరుతారు. అక్కడ కొన్ని వందల ఎకరాల్లో ఒక్క మనిషి, మెషీన్ పైన. మంచు పడి ఆకు రాలే దాకా ఆగుతారు, లేదంటే మందు కొట్టి ఆకు రాల్చుతారు. తర్వాత కాయ, పొట్టు, పత్తి అన్నీ కలిపి ఒకేసారి దువ్వేస్తుంది మెషీన్. వెనకనుంచి గులాబీరంగు ప్లాస్టిక్ చుట్టిన పెద్ద పెద్ద గుండ్రటి మోపులు దొర్లిస్తుంది. రోడ్డు పక్క గడ్డికి పత్తి పింజలు అంటుకుని ఉంటాయి, ఏనుమాముల మార్కెట్ గేటు దగ్గర ఉన్నట్టే. నేనొక పింజ తీసి పర్సులో పెట్టుకున్నాను. ఆ రైతు మెషీన్ ఆపి దిగివచ్చాడు, తిడతాడేమోనని భయపడ్డాను. మా అన్న కూడా పత్తి రైతేనన్నాను. ఆయన మొదటి ప్రశ్న, "నీళ్లెలా?" బోర్లు ఎండుతున్నాయని చెప్పాను. ఆయన తల ఊపాడు. వాళ్లకూ బోర్లే, ఒగల్లాలా అనే భూగర్భ జలాలు, ఏటేటా కిందికి పోతున్నాయి. వందల ఎకరాల ఆసామి, మీ బాపు లాగే ఆకాశం వంక చూసి నిట్టూర్చాడు.

అక్కడి మనుషులు అలాంటివాళ్లే. ఎదురొచ్చిన కారువాడు స్టీరింగ్ మీంచి రెండు వేళ్లు లేపి పలకరిస్తాడు, నువ్వూ లేపు. పెద్దవాళ్లను సర్ అనీ మ్యామ్ అనీ పిలుస్తారు, మన "అండీ" లాగే. క్యాంపస్‌లో చూపుడువేలు, బొటనవేలు చాచి తుపాకీలా పెట్టి "గన్స్ అప్" అంటే కంగారుపడకు, అది వాళ్ల యూనివర్సిటీ పలకరింపు. నిజం తుపాకులూ ఉంటాయి, లైసెన్సు ఉన్నవాళ్లు వాటిని క్యాంపస్‌లోకి తెచ్చుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. రోడ్డు మీద, పార్కింగులో ఎవరితోనూ మాటకు మాట పెంచుకోకు. ఫుట్‌బాల్ ఆట మొదలవగానే టోర్టియాలు గాల్లోకి విసిరేవాళ్లు. తినే రొట్టెలు! నాకిప్పటికీ మింగుడుపడదు.

చర్చివాళ్లు పిలుస్తారు. భోజనాలు పెడతారు, మంచం, బల్ల కూడా ఉచితంగా తెచ్చి ఇస్తారు. వెళ్లు, తిను, థాంక్యూ చెప్పు. మతం సంగతి వస్తే "మాకు మా దేవుడున్నాడు" అని నవ్వుతూ చెప్తే చాలు. నాకు తెలిసినంతలో అంతటితో ఊరుకుంటారు, మంచం వెనక్కి తీసుకుపోరు.

ఖర్చుల మాట త్వరగా చెప్పేస్తాను. మా మొదటి అపార్ట్‌మెంట్‌వాళ్లు ఎప్పటిదో కార్పెట్ మరక మా మీద వేసి డిపాజిట్ మింగేశారు. నువ్వు దిగిన రోజే ప్రతి గది ఫోటో తీసి వాళ్లకు మెయిల్ చెయ్. ఖాళీ చేసేటప్పుడు కొత్త అడ్రసు రాసి ఇస్తే 30 రోజుల్లో డిపాజిట్ ఇవ్వాలి, కోసుకుంటే లెక్క చెప్పాలి, టెక్సాస్ చట్టం అది. కరెంటు కంపెనీని 2024 నుంచి అక్కడ మనమే ఎంచుకోవాలి. రేటు మారని ప్లాను తీసుకో, లీజు ఎన్నాళ్లో ప్లానూ అన్నాళ్లే ఉండేట్టు చూసుకో. రాష్ట్రానికి ఆదాయపు పన్ను లేదు గాని కొట్లో బిల్లు మీద 8.25 శాతం పడుతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. చదువు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పనిచేసుకోవచ్చు. బయట పెట్రోలు బంకులో నగదు ఇస్తానని ఎవరైనా అంటే, మనవాళ్లే అయినా సరే, వద్దను. వీసా పోతే మీ బాపు చేను తాకట్టు విడిపించేదెవరు? చేతిలో డబ్బులు అయిపోతే నాకు ఫోన్ చెయ్. మొహమాటపడితే తిడతాను.

ఇక్కడ ఫ్రిస్కోలో అన్నీ దొరుకుతాయి. పది నిమిషాల్లో హనుమంతుడి గుడి, ఐదు నిమిషాల్లో గోంగూర. మూడేళ్లు దాటింది, ఎడమపక్క ఇంటివాళ్ల ముఖం నేను సరిగ్గా చూడలేదు. వాళ్లూ తెలుగువాళ్లే. గ్యారేజీ తలుపు లేస్తుంది, కారు లోపలికి పోతుంది, తలుపు దిగుతుంది. లబ్బక్‌లో మీ మామయ్యకు ఆపరేషన్ అయినప్పుడు తెలిసినవాళ్లంతా కలిసి పదకొండు రోజులు మా ఇంట్లో పొయ్యి వెలిగించనియ్యలేదు. ఆ కారులో బిస్కెట్లిచ్చిన నర్సమ్మ చేసిన వంకాయ కూర మాత్రం నోట పెట్టలేకపోయాం. తిన్నామనే చెప్పాం.

ఆగస్టులో డల్లాస్‌లో దిగు. అక్కడి నుంచి ఇంకో విమానం ఎక్కొద్దు, నేనే కారులో తీసుకుపోతాను. కుక్కర్ నీకోసం తీసి ఉంచాను, గ్యాస్కెట్ కొత్తది వేయించాను. పొద్దున ఆరింటికే బయలుదేరాలి, మధ్యాహ్నమైతే పడమటి ఎండ కళ్లల్లో కొడుతుంది. పోస్ట్ అనే చిన్న ఊరు దాటాక రోడ్డు ఒక్కసారి ఎత్తుకు ఎక్కుతుంది, పైకి చేరగానే నేలంతా చదును. అక్కడి నుంచి లబ్బక్ 40 నిమిషాలు. ఆగస్టు కదా, పత్తి పూత మీద ఉంటుంది.

మీ అత్త