బెల్టు ఎప్పుడొస్తుంది మాస్టారూ?

ప్రశ్నలు - జవాబులు

ఈసారి శీర్షిక దాదాపు మొత్తం కరాటే మాస్టార్లదే. ఉయ్యూరు, కంకిపాడు, పామర్రు వైపు నుంచి వచ్చిన ప్రశ్నలకే చోటు సరిపోయింది. కండబలం ఆ ప్రాంతానికి కొత్త కాదు. ‘నర్తనశాల’ సినిమాలో భీముడిగా కనిపించిన వెయిట్ లిఫ్టర్ దండమూడి రాజగోపాలరావుది ఉయ్యూరు పక్కనున్న గండిగుంటే. విజయవాడలో ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. కాబట్టి ఎవరూ కాళ్లూ చేతులూ ఎలా ఆడించాలని అడగలేదు. అద్దె, ఫీజు, బెల్టు, సంఘం గొడవలు, వీటి మధ్య తమ విద్య ఎటు పోతోందన్న బెంగ - ఇవే ప్రశ్నలు.

ప్రశ్న: ఉయ్యూరులో అద్దె హాల్లో సాయంత్రాలు కరాటే నేర్పుతున్నాను. పగలు చిన్న ఉద్యోగం. వేసవిలో నలభై మంది వస్తారు, ఆగస్టుకి పదిహేను మంది మిగులుతారు. నెల ఫీజు రూ.500, హాలు అద్దె రూ.4,000. మూడు నెలలకోసారి బెల్టు పరీక్ష పెట్టి తలకు రూ.800 తీసుకుంటాను, అందులో సగం సంఘానికి కట్టాలి. ఎవర్నైనా ఫెయిల్ చేస్తే మానేస్తారని భయం. తల్లిదండ్రులు కూడా “బెల్టు ఎప్పుడొస్తుంది మాస్టారూ?” అన్న మాట తప్ప ఇంకోటి అడగరు. ఏం చేయాలి?

జవాబు: ముందు లెక్క చూద్దాం. పదిహేను మంది మీద నెలకు రూ.7,500. అద్దె పోతే రూ.3,500. పరీక్షకి అందరూ వస్తే రూ.12,000. సంఘం వాటా పోగా మీకు రూ.6,000, అంటే నెలకు రూ.2,000 పడుతుంది. మొత్తం రూ.5,500లో మూడో వంతుకి పైగా బెల్టు సొమ్మే. మీరు ఎవర్నీ ఆపలేకపోవడానికి కారణం మొహమాటం అనుకుంటున్నారేమో, అసలు కారణం ఈ అంకె. పరీక్ష పెట్టే మనిషి ఇంటి ఖర్చు పిల్లాడు పాసవడం మీద ఆధారపడి ఉంటే ఆ పరీక్షకు విలువేముంది?

ఇప్పుడు ఇంకోలా వేసి చూడండి. నెల ఫీజు రూ.700 చేయండి. బెల్టు పరీక్షకి సంఘానికి కట్టే రూ.400 మాత్రమే తీసుకోండి, మీకంటూ పైసా వద్దు. పదిహేను మందీ ఉంటే అద్దె పోను రూ.6,500. ఫీజు పెరిగిందని ఇద్దరు మానేసినా రూ.5,100. పాత ఆదాయం కన్నా నాలుగు వందలు తక్కువ, నిజమే. కానీ “ఇంకా రాలేదమ్మా, రెండు నెలలు ఆగుదాం” అని తల్లి మొహం చూసి చెప్పగలుగుతారు. ఆ మాట అనగలిగే మాస్టారి దగ్గరే పదేళ్ల తర్వాత శిష్యులు మిగులుతారు.

ఏ బెల్టుకి ఏం రావాలో తెలుగులో రాసి గోడకి అంటించండి. ఏ కటా (వరస కదలికల సాధన), ఎన్ని దండీలు, ఎన్ని రోజుల హాజరు అన్నీ అందులో ఉండాలి. అప్పుడు తల్లిదండ్రుల ప్రశ్నకి గోడే జవాబు చెబుతుంది.

రంగు బెల్టులు వేల ఏళ్ల నాటి సంప్రదాయమన్న భ్రమ ఒకటి మన ఊళ్లలో గట్టిగా ఉంది. జిగోరో కనో 1882లో టోక్యోలో ఒక గుడి ఆవరణలో జూడో బడి మొదలుపెట్టాడు. పన్నెండు చాపలు పరిచిన గది, తొమ్మిది మంది శిష్యులు, అంతే. మరుసటి ఏడు ‘డాన్’ అనే మెట్టు పెట్టాడు. కరాటేలో గిచిన్ ఫునకోషి మొదటి బ్లాక్ బెల్టులు ఇచ్చింది 1924లో. విజయవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయింది 1855లో. అంటే అది కట్టిన దాదాపు డెబ్బై ఏళ్లకి గానీ కరాటేలో నల్ల బెల్టు పుట్టలేదు! తెలుపుకీ నలుపుకీ మధ్య ఇన్ని రంగులు 1930లలో ఐరోపాలో జూడో నేర్పినవాళ్ల వల్ల వ్యాపించాయి. పిల్లల్ని ఉత్సాహపరచడానికి అది మంచి ఉపాయమే. ఉపాయం వ్యాపారమైన చోటే చిక్కు.

పగలు ఉద్యోగం చేస్తున్నానని మీ ఉత్తరంలో కొంచెం చిన్నబుచ్చుకున్నట్టుంది. అక్కర్లేదు. కనో వేరే బడిలో పాఠాలు చెబుతూనే జూడో నేర్పాడు. ఫునకోషి ఒకినావాలో బడిపంతులు. యాభై దాటాక టోక్యో వచ్చి ఒక విద్యార్థి వసతి గృహంలో ఉంటూ, దాన్ని ఊడ్చి, తోటపని చేసి పొట్ట పోసుకుంటూ కరాటే నేర్పాడు. కేరళలో వటకరకు చెందిన మీనాక్షి అమ్మ, 2017లో పద్మశ్రీ అందుకున్న కళరి యుద్ధవిద్య గురువు, ఫీజు అని పెట్టకుండా శిష్యులు ఇచ్చిన దక్షిణతోనే నడుపుతారు. వినడానికి గొప్పగా ఉంటుంది. కాకపోతే కుటుంబం దశాబ్దాలుగా నడుపుతున్న కళరి అది. నెల నెలా అద్దె కట్టే మాస్టారు ఆ దారి పడితే రెండో నెలకే హాలు తాళం మారుతుంది.

వేసవి పిల్లలు జారిపోవడం గురించి. జూన్ 12న బడులు తెరిచాక వాళ్లని వెతుక్కోవడం దండగ. మే చివరి వారంలోనే ఒక సాయంత్రం తల్లిదండ్రుల్ని పిలిచి, పిల్లలు నేర్చుకున్నది చేయించి చూపించండి. అప్పుడే బడి రోజుల టైమ్ టేబుల్ చేతిలో పెట్టండి. వారానికి మూడు రోజులు చాలు, ట్యూషన్‌తో పోటీ పడే వేళ మాత్రం వద్దు. రైతు కుటుంబాలైతే చెరకు డబ్బులు, ధాన్యం డబ్బులు చేతికొచ్చే నెలల్లో మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టే వెసులుబాటు ఇవ్వండి. కట్టలేని పిల్లాడు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు. వాళ్ల సంగతి మిగతా పిల్లలకి తెలియనివ్వకండి.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు. కరాటే క్లాసులో పదహారేళ్ల వాళ్లతో కలిపే నిలబెడుతున్నారు. వాడు దిక్కులు చూస్తూ నిలబడతాడు. మాన్పించమంటారా? - ఒక తల్లి, కంకిపాడు

జవాబు: వెంటనే మాన్పించకండి. ముందు మాస్టారితో మాట్లాడండి. చిన్నపిల్లలకి ఇరవై ఐదు నిమిషాల విడి క్లాసు పెట్టగలరేమో అడగండి. పరుగు, దొర్లడం, కింద పడితే తలకు తగలకుండా పడటం, ఒంటికాలి మీద నిలబడటం - ఆ వయసుకి ఇవే కరాటే. పెద్దల విద్యని పిల్లలకి తగ్గట్టు మార్చాలన్న ఆలోచన కరాటేలో మొదట్నుంచీ ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అంకో ఇతోసు ఒకినావా బడుల్లోకి కరాటేని తీసుకెళ్లినప్పుడు, పాత పొడవాటి కటాలు పిల్లలకి భారమని ‘పినాన్’ పేరుతో ఐదు చిన్న కటాలు కూర్చాడు. ఇవాళ మన ఊళ్లలో ‘హీయాన్’ అని నేర్పేవి అవే. మాస్టారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది, మీరు కాస్త గుర్తుచేయండి.

ప్రశ్న: బ్లాక్ బెల్టు వచ్చి పన్నెండేళ్లయింది. మా గురువుగారు పోయారు. సంఘం రెండు ముక్కలైంది. నేను నేర్పడమే తప్ప నాకు నేర్పేవాళ్లు లేరు. డబ్బు కడితే నాలుగో డాన్ ఇస్తామని ఒకాయన ఫోన్ చేశారు. తీసుకోవచ్చా? - మాస్టారు, పామర్రు

జవాబు: తీసుకోకండి. ఆ డాన్ గోడకి తగిలించిన రోజు నుంచి మీ శిష్యుడికి బెల్టు నిరాకరించే అర్హత మీకు పోతుంది. వాళ్లకి తెలియకపోవచ్చు, మీకు తెలుసుగా.

అసలు బాధ మీ ఉత్తరంలో మూడో వాక్యం తర్వాత ఉంది: నాకు నేర్పేవాళ్లు లేరు. ఇక్కడ కోడి రామమూర్తిని తలుచుకోవాలి. ఆయన గుండె మీద ఏనుగుని ఎక్కించుకున్న సంగతి అందరూ చెబుతారు. అంతకు ముందు సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో సాము చేసి అప్పటికే బలశాలిగా పేరు తెచ్చుకున్న ఆ యువకుడు మద్రాసు సైదాపేట వెళ్లి ఏడాది పాటు వ్యాయామ శిక్షణలో చదువుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. తర్వాత తాను చదివిన విజయనగరం హైస్కూల్లోనే డ్రిల్లు మాస్టారుగా చేరాడు. సర్కస్, ఏనుగు, దేశదేశాల కీర్తి అన్నీ ఆ తర్వాతివి. బలం ఉన్నంత మాత్రాన చాలదని, నేర్పడం వేరే విద్య అని ఆయనకు తోచింది.

మీకు సైదాపేట ఏది? పటియాలాలో 1961 నుంచి నడుస్తున్న నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ ఉంది. అక్కడ కోచ్‌లకి ఏడాది డిప్లొమాతో పాటు ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంటుంది. జూడో, బాక్సింగ్, కుస్తీ లాంటి ఆటల వాళ్లకి అది రాచబాట. కరాటే మాస్టారికి కూడా ఆ పాఠాల్లో దొరికేది చాలా ఉంది: ఏ వయసులో ఎంత బరువు, అలసటని ఎలా కొలవాలి, దెబ్బ తగిలితే ఏం చేయాలి. సెలవు, డబ్బు కుదరకపోతే విజయవాడలో వేరే విద్య నేర్పే చోట తెల్లబెల్టు కట్టుకుని వెనక వరసలో నిలబడండి. జూడో అయితే ఇంకా మంచిది. కరాటే వాళ్లకి కింద పడటం సరిగ్గా రాదు, ఒప్పుకోవడానికి కష్టంగా ఉన్నా అది నిజం. కనో కూడా ఒక గురువుకి కట్టుబడలేదు. తెన్‌జిన్ షిన్యో, కితో అనే రెండు పాత జుజుత్సు సంప్రదాయాలు వేర్వేరు గురువుల దగ్గర నేర్చుకున్నాకే తన జూడో కట్టాడు.

మరో గురువు మీ మండలంలోనే ఉండొచ్చు. తిరునాళ్లలో, దసరా ఊరేగింపుల్లో కర్రసాము తిప్పే పెద్దాయన్ని ఎప్పుడైనా పలకరించారా? తాలింఖానాలో నేర్చిన ఆ తరం తగ్గిపోతోంది. ఆయన అడుగు వేసే తీరు, దూరం అంచనా వేసే కన్ను ఏ వీడియోలోనూ దొరకవు. ఒక పండ్ల సంచీ పట్టుకుని వెళ్లండి.

సంఘం గొడవ మాత్రం తేలిగ్గా తీసుకోకండి. కరాటేలో జాతీయ సంఘాలు చీలి, గుర్తింపు చేతులు మారిన చరిత్ర ఉంది. ప్రస్తుతం వరల్డ్ కరాటే ఫెడరేషన్‌తో అనుబంధం ఉన్నది కరాటే ఇండియా ఆర్గనైజేషన్. మీ శిష్యులకి ఇచ్చే సర్టిఫికెట్ ఎవరిదో ఇప్పుడే చూసుకోవాలి. 2024లో ప్రకటించిన క్రీడా విధానంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగాల్లో క్రీడా కోటాని 2 నుంచి 3 శాతానికి పెంచింది. ఆశ పడే పిల్లలు పెరుగుతారు. ‘ఇంటర్నేషనల్’ అని అచ్చేసుకున్న ప్రైవేటు టోర్నీ పతకం ఆ దరఖాస్తులో పనికిరాదు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో కరాటే ఉంది, పిల్లల్ని అటు పంపండి.

ప్రశ్న: నేను ఆడపిల్లలకి నేర్పుతాను. ఎనిమిదో తరగతి రాగానే ఇళ్లలో మాన్పించేస్తున్నారు. - ఒక శిక్షకురాలు, ఉయ్యూరు మండలం

జవాబు: కారణం అడిగితే చదువంటారు. గుచ్చి అడిగితే చీకటి, మగపిల్లలు, బట్టలు మార్చుకునే చోటు అని బయటపడుతుంది. ఇవన్నీ మీ చేతిలో ఉన్నవే. చీకటి పడకముందే వదిలే బ్యాచ్, తలుపు తెరిచి ఉంచిన హాలు, ఏ తల్లయినా ఎప్పుడైనా వచ్చి కూర్చోవడానికి రెండు కుర్చీలు. నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, మరుసటి ఏడు ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ అయింది. ఆమెను రింగు దాకా తీసుకెళ్లింది తండ్రే. తండ్రుల్ని పిలిచి మాట్లాడండి, అమ్మలతో చెప్పి పంపే కబురు ఇంట్లోనే ఆగిపోతుంది.

ప్రభుత్వ బడుల్లో ఇంకో తలుపుంది. సమగ్ర శిక్షలో రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ కింద 6 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకి మూడు నెలల శిక్షణ ఇప్పిస్తారు. బడికి నెలకు రూ.5 వేల వరకు ఇచ్చే ఏర్పాటు అది. మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో అడగండి. బిల్లు రావడానికి టైమ్ పట్టొచ్చు, ఆ డబ్బు మీద ముందే ఖర్చు పెట్టుకోకండి.

సహాయకులుగా ఎవర్ని పెట్టుకున్నా, ఒక పిల్లతో ఒంటరిగా క్లాసు ఉండకూడదన్న నియమం మగ మాస్టారికైనా ఆడ మాస్టారికైనా ఒకటే. ఏ పిల్లయినా తనకి జరిగింది మీతో చెప్పుకుంటే ‘పరువు’ మాట రానివ్వకండి. పోక్సో చట్టం, 2012 ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన వాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోవడమే నేరం. 1098కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు.

ప్రశ్న: మా కరాటే స్కూలుకి రిజిస్ట్రేషన్, జీఎస్టీ కావాలా?

జవాబు: ఏడాది రాబడి రూ.20 లక్షలు దాటనంత వరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. సొసైటీగా నమోదు చేయాలంటే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. ఏడుగురూ మీ చుట్టాలే అయితే రేపు సంఘం చీలినప్పుడు ఇంట్లోనే చీలుతుంది.

ప్రశ్న: మొన్న స్పారింగ్‌లో ఒక అబ్బాయి తలకి కిక్ తగిలింది. నిమిషం సేపు మత్తుగా ఉండి లేచాడు. వచ్చే ఆదివారం జిల్లా పోటీలు. ఆడించొచ్చా? హెల్మెట్ పెడతాం.

జవాబు: ఆడించొద్దు. హెల్మెట్ చర్మం చిట్లకుండా కాపాడుతుంది, లోపల మెదడు కుదుపుని ఆపలేదు. డాక్టర్లు కంకషన్ అనేది ఇదే. ఇలా దెబ్బ తగిలిన పిల్లాణ్ని ఆ రోజు మళ్లీ మ్యాట్ మీదకి రానివ్వకూడదు. వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మగత, మాట తడబడటం కనిపిస్తే వెంటనే విజయవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. అవేమీ లేకపోయినా డాక్టరుకి చూపించండి. మొదటి ఒకటి రెండు రోజులు బడి పనీ ఫోనూ తగ్గించి విశ్రాంతి. తర్వాత నడక, ఆపైన తేలికపాటి వ్యాయామం, ఆపైన కటా. ఒక్కో మెట్టుకి కనీసం ఒక రోజు, తలనొప్పి తిరిగొస్తే ఒక మెట్టు వెనక్కి. స్పారింగ్ అన్నిటికన్నా చివర, అదీ డాక్టరు సరేనన్నాకే. పిల్లల్లో ఇదంతా సర్దుకోవడానికి నాలుగు వారాలు పట్టొచ్చు. ఆదివారం ఆ అబ్బాయిని జట్టుతో పాటే తీసుకెళ్లి స్కోరు రాయించండి.