జగత్కారణము - విజ్ఞానశాస్త్రపు ఎల్లలు

కళాశాలలో భౌతికశాస్త్రము చదువు కుమారుడును, నిత్యము విష్ణుసహస్రనామ పారాయణము చేయు తండ్రియు గల ఇండ్లలో ఒక వివాదము తరచుగ పొడసూపుచున్నది. విశ్వము మహావిస్ఫోటమున పుట్టినదని కుమారుడనును. శ్రీమన్నారాయణుని సంకల్పమున పుట్టినదని తండ్రి యనును. ఒకటి నిజమైనచో రెండవది అబద్ధము కావలెనని ఇరువురును తలతురు. తండ్రి చదువును శంకించును. కుమారుడు పూజామందిరమునకు దూరమగును. ఈ భయమునకు ఆధారము కలదా యని విచారింపవలసియున్నది.

1927లో బెల్జియము దేశీయుడగు జార్జి లెమేత్రు విశ్వము విస్తరించుచున్నదని సిద్ధాంతీకరించెను. దూరమున నున్న నక్షత్రవీథులు దూరము కొలది అధిక వేగముతో తొలగిపోవుచున్నవని 1929లో అమెరికా ఖగోళశాస్త్రజ్ఞుడు ఎడ్విన్ హబుల్ పరిశీలనచే చూపెను. నేడు విడివడుచున్నవి పూర్వము దగ్గరగ నుండియుండవలెను గదా! ఇట్లు వెనుకకు లెక్కించుచు పోగా, విశ్వమంతయు మిక్కిలి సాంద్రమై, మిక్కిలి ఉష్ణమై యుండిన స్థితియొకటి తేలినది. 1964లో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ అను ఇరువురు ఆకాశమున అన్ని దిక్కులనుండి సమముగ వచ్చుచున్న సూక్ష్మతరంగములను కనుగొనిరి. ఆ ఆదిమోష్ణము చల్లారగా మిగిలిన వెలుగే యది. ఇందులకు వారికి 1978లో నోబెల్ బహుమతి లభించెను. విశ్వము వయస్సు సుమారు 1380 కోట్ల సంవత్సరములని నేటి గణన. ఇది శ్రమకోర్చి సాధించిన కొలత. దీనిని త్రోసిపుచ్చుట భక్తికి అవసరమును గాదు, శోభయును గాదు.

అయినను ఈ మార్గమునకు ఎల్లలు కలవు. పైన చెప్పిన వెలుగు, విశ్వమునకు సుమారు 3 లక్షల 80 వేల సంవత్సరముల ప్రాయమున బయలుదేరినది. అంతకు పూర్వము వెలుగు స్వేచ్ఛగ ప్రసరింపజాలదు కావున ఏ దూరదర్శినికిని ఆ దృశ్యము కానరాదు. దానికి వెనుక జరిగినదానిని గణితముచే, హైడ్రోజన్ హీలియముల పాళ్లు మొదలగు గురుతులచే ఊహింతురు. ఒక సెకండును 1 పక్కన 43 సున్నలుగల సంఖ్యచే భాగించినంతటి తొలిక్షణమునకు పోగా, ఐన్‌స్టీన్ 1915లో చెప్పిన సామాన్య సాపేక్షతాసిద్ధాంతమును, పరమాణులోకపు క్వాంటం సిద్ధాంతమును పరస్పరము పొసగకున్నవి. మనమెరిగిన పదార్థము విశ్వమున నూటికి 5 పాళ్లు మాత్రమే. తక్కినది కృష్ణపదార్థము, కృష్ణశక్తి యని పేర్లు పెట్టిరి గాని వాని స్వరూపము ఇంకను తేలలేదు.

ఇవి రేపు తొలగిపోదగిన ఎల్లలు. తొలగని ఎల్ల వేరొకటి కలదు. భౌతికశాస్త్రము ఒక స్థితినుండి మరియొక స్థితి ఏ నియమముచే కలిగినదో చెప్పును. పాలు పెరుగగు విధమును చక్కగ వివరింపవచ్చును. పాలును తోడును ముందుగ ఉండవలెను. అసలు నియమమనునది ఏల యుండవలెను, ఏమియు లేకుండుటకు మారుగ ఈ ఉనికి ఏల కలిగెను అను ప్రశ్న కొలబద్దకు అందదు.

అట్లని విజ్ఞానము ఆగినచోట దైవమును నిలబెట్టుటయు తగదు. నేడు తెలియనిది రేపు తెలిసినచో అట్టి దైవమునకు చోటెక్కడ? కల్పమునకు 432 కోట్ల సంవత్సరములని పురాణములు చెప్పుచున్నవి గనుక నేటి లెక్కలన్నియు మనవారే చెప్పిరని మురియుటయు నట్టిదే. లెక్కలు మారినప్పుడు విశ్వాసమును కదలును. 1951లో పోపు 12వ పయస్, నూతన సిద్ధాంతము సృష్టికి సాక్ష్యమన్నట్లు ప్రసంగింపగా, స్వయముగ క్రైస్తవ మతాచార్యుడైన లెమేత్రు హర్షింపలేదు.

శ్రీమద్రామానుజాచార్యులు ఈ విషయమును ఎన్నడో శోధించిరి. కుండకు కుమ్మరి యున్నట్లు జగత్తునకు కర్త యుండవలెనను అనుమానప్రమాణముచే ఈశ్వరుని సాధింపవచ్చునను వాదమును వారు శ్రీభాష్యమున అంగీకరింపలేదు. భూమి, సముద్రము మొదలగునవన్నియు ఒకే కాలమున ఒకే కర్తచే నిర్మింపబడినవనుటకు నిదర్శనమేది? కుమ్మరిని బట్టి ఊహించినచో దేహధారియు, అల్పశక్తియునగు కర్తయే సిద్ధించును గాని సర్వేశ్వరుడు సిద్ధింపడు. కావున పరబ్రహ్మము వేదముచేతనే తెలియదగినదని వారి నిర్ణయము. పరమభక్తులైన ఆచార్యులే తర్కముతో దైవమును నిరూపింపబూనకుండగా, యంత్రములకు దైవము కనబడలేదని గృహస్థుడు కలతపడనేల?

వారి సిద్ధాంతమున జగత్తు శూన్యమునుండి పుట్టలేదు. ప్రళయమున చేతనాచేతనములు నామరూపములు లేని సూక్ష్మదశలో భగవానుని శరీరమై యుండును. ఆయన సంకల్పముచే స్థూలదశను పొందును. ఆ స్థూలదశ ఏ క్రమమున విరిసినదో పరిశోధించువాడు తెలిసియో తెలియకయో భగవచ్ఛరీరమునే పరిశీలించుచున్నాడు. అతని చదువు అపచారమెట్లగును?

భాగవత తృతీయస్కంధమున బ్రహ్మ వృత్తాంతము కలదు. పద్మమున పుట్టిన బ్రహ్మ, ఈ పద్మమునకు మొదలెక్కడ యని దాని నాళమున దిగి చిరకాలము వెదకెను. మొదలు దొరకలేదు. మరలి వచ్చి, ఆసనమున కూర్చుండి, మనస్సును నిలిపి తపమాచరింపగా, శేషశాయియగు భగవానుడు హృదయముననే గోచరించెను. అట్లు వెదకినందులకు స్వామి అతనిని నిందింపలేదు. సృష్టికార్యమును అతనికే అప్పగించెను. వెదకుటకు నాళము, దర్శించుటకు హృదయము - రెండును ఆయన ఇచ్చినవే.

తిరుమల బ్రహ్మోత్సవములను మొదట బ్రహ్మయే జరిపెనని ప్రతీతి. నేటికిని వాహనసేవలలో స్వామికి ముందుగ బ్రహ్మరథము కదలును. ఆ రథమును దర్శించు తండ్రియు కుమారుడును, మొదలు వెదకి వేసారినవాడే స్వామి సేవలో ముందు నడచుచున్నాడని స్మరింతురు గాక.