ఋషికుల్య ఒడ్డున నడక

ఒడిశాలోని గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ జిల్లా సముద్రతీరంలో తెలుగు మాట్లాడే జాలరులు తరతరాలుగా కాపురముంటున్నారు. ఒడియావారు వారిని నోలియాలు అంటారు. ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా వారికి అలవాటు.

ఋషికుల్య నది గంజాం పట్టణానికి దగ్గరలో సముద్రంలో కలుస్తుంది. అక్కడ పురుణబంధ అనే పల్లె ఉంది. నదీముఖానికి ఉత్తరంగా సాగే ఇసుక ఒడ్డున గోఖర్‌కుద, పొదంపేట మొదలైన పల్లెలు ఉన్నాయి. పొదంపేట పేరులోని ‘పేట’ తెలుగువారికి తెలిసిన మాటే. పురుణబంధలో తెల్లవారుజామున బయలుదేరినవారు ఈ పల్లెలు చూసుకొంటూ పొద్దు గుంకేలోగా తిరిగి రావచ్చు. ఒకవైపు సముద్రం, మరొకవైపు సరుగుడు తోటలు. ఒడ్డుకు లాగిన పడవల నీడలో కూర్చొని జాలరులు వలలు బాగుచేసుకొంటూ ఉంటారు.

ఇటువంటి నడకకు పెంపుడు కుక్క మంచి తోడు. అయితే దాని మంచిచెడ్డలు యజమానే చూసుకోవాలి. పొద్దెక్కితే ఇసుక కాలి దాని పాదాలు బొబ్బలెక్కుతాయి. దాహం వేస్తే అది ఉప్పునీరు తాగబోతుంది. అందుచేత మంచినీళ్ళు వెంట ఉండాలి. వలలోంచి తీసి పారేసిన చేపల్లో పొట్ట ఉబ్బించే విషపు చేప ఉండవచ్చు. దాన్ని నోట పెట్టనివ్వరాదు. పల్లె కుక్కలు కొత్త కుక్కను చూస్తే మీదికి వస్తాయి. కనుక పిచ్చికుక్క వ్యాధి రాకుండా ముందే టీకా వేయించి ఉండాలి.

నవంబరు, డిసెంబరు నెలల్లో ఈ జాగ్రత్తలు చాలు. ఫిబ్రవరి వచ్చిందంటే సంగతి మారుతుంది. కుక్కతో వచ్చినవాడు కనబడితే ఏ ముసలి జాలరో, “బాబూ, కుక్కను ఇసుకలోకి తేకు. తాబేళ్ళు వచ్చే రోజులు” అంటాడు.

అవి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు. అవి ఇక్కడ గుంపులు గుంపులుగా గుడ్లు పెడతాయని శాస్త్రజ్ఞులకు తెలిసింది 1994లో. పల్లెవాసులకు అది కొత్త సంగతి కాదు. ఆడ తాబేలు రాత్రివేళ ఒడ్డెక్కి, వెనుక కాళ్ళతో గుంట తవ్వి, సుమారు నూరు గుడ్లు పెడుతుంది. ఇసుక కప్పి, తన శరీరాన్నే దిమ్మిసలా ఎత్తి వేసి ఆ చోటు గట్టిపరుస్తుంది. తరువాత సముద్రంలోకి వెళ్ళిపోతుంది. గూటివైపు మళ్ళీ తిరిగి చూడదు. 2024లో అవి ఇక్కడికి గుంపుగా రానేలేదు. 2025లో మాత్రం దాదాపు 7 లక్షల తాబేళ్ళు వచ్చాయి.

అన్ని తాబేళ్ళు ఒకే ఒడ్డున తవ్వితే ఏమవుతుంది? ముందు వచ్చినది పెట్టిన గుడ్లను వెనుక వచ్చినది తవ్విపోస్తుంది. ఆ గుడ్ల వాసన కుక్కలను పిలుస్తుంది. ఒకసారి రుచి మరిగిన కుక్క పైకి కనబడని గూళ్ళను కూడా వాసన పట్టి తవ్వుతుంది. ఇందులో కుక్క తప్పేమీ లేదు. దాని ముక్కు దాని పని చేస్తుంది. సుమారు 45 నుంచి 50 రోజులకు పిల్లలు బయటపడి, వెలుతురు ఉన్న వైపు పాకుతాయి. మామూలుగా రాత్రి ఆ వెలుతురు సముద్రం మీదిదే. ఊళ్ళో దీపాలు ఉంటే అవి అటు తిరిగి దారి తప్పుతాయి, కుక్కల నోట పడతాయి. ఆట కోసం పరుగెత్తే పెంపుడు కుక్క కాలికింద పడినా అంగుళమున్నర పిల్ల బతకదు.

అందుకే అటవీశాఖవారు ఒడ్డున వలల కంచె కడతారు. పల్లె యువకులు రాత్రిళ్ళు కాపలా కాసి కుక్కలను, నక్కలను తరుముతారు. దారి తప్పిన పిల్లలను తట్టల్లో ఎత్తి నీటి దగ్గర వదులుతారు. ఈ పని చేసేవారు కలవారేమీ కారు. తాబేళ్ళ కోసమే నవంబరు 1 నుంచి మే 31 వరకు ఈ నదీముఖం దగ్గర సముద్రంలో చేపల వేటపై నిషేధం ఉంటుంది. ఆ ఏడు నెలలు జాలరి ఇంటికి ఎంత బరువో వేరే చెప్పనక్కరలేదు.

పొదంపేటది మరొక కష్టం. సముద్రం ఏటేటా ఒడ్డును కోసుకొంటూ వచ్చి ఆ ఊరి ఇళ్ళను కూల్చివేసింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను తీరం దాటింది కూడా ఈ ప్రాంతంలోనే, గోపాలపురం దగ్గర. పొదంపేటవారు లోపలికి జరిగి కొత్త కాలనీలో ఇళ్ళు కట్టుకొన్నారు. నడక అక్కడికి చేరేసరికి పాత ఊరి మొండిగోడలు కనబడతాయి. ఇళ్ళు దూరమైనా పడవలు సముద్రం దగ్గరే ఉండాలి కదా! వేటకు వెళ్ళే రోజున జాలరులు చీకటితోనే కాలనీ నుంచి ఒడ్డుకు నడిచి వస్తారు.