పొలంలో ఆడబిడ్డ వాటా

ఈ నేలకు అసలు యజమాని అల్లాహ్‌యే. మన చేతిలో ఉన్నది ఆయన అప్పగించిన అమానతు మాత్రమే. అన్యాయంగా జానెడు నేల ఆక్రమించుకున్నవాడి మెడకు ప్రళయదినాన ఏడు భూములు చుట్టబడతాయని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ఈ హదీసు వినగానే పొరుగువాడి గట్టు జరిపేవాడు మనకు గుర్తుకొస్తాడు. తోబుట్టువు వాటాను తన వాటాలో కలిపి దున్నుకుంటున్నవాడు మాత్రం గుర్తుకు రాడు.

స్వాతంత్ర్యం తర్వాత మన దేశంలో జమీందారీలు, జాగీర్లు రద్దయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. దున్నేవాడికే భూమి అన్నారు. మంచి మాటే. కాని నాట్లు వేసి, కలుపు తీసి, కోత కోసే స్త్రీ ఆ నినాదంలో కనిపించలేదు. 1937 నాటి షరీఅత్ చట్టం సైతం ముస్లిముల వారసత్వానికి షరీఅత్‌ను వర్తింపజేస్తూ వ్యవసాయ భూమిని మినహాయించింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు కలిసి ఉన్న నాటి మద్రాసు రాష్ట్రంలో 1949లో సవరణ చేసి ఆ మినహాయింపును తొలగించారు. అక్కడ చట్టంలోని అడ్డు అలా తొలగింది. మరి మన ఇళ్లలోని అడ్డు తొలగిందా?

ఉహద్ యుద్ధంలో హజ్రత్ సాద్ బిన్ రబీ (రజి) అమరులయ్యారు. ఆయన ఆస్తినంతా ఆయన సోదరుడు తీసుకున్నాడు. సాద్ (రజి) భార్య తన ఇద్దరు కూతుళ్లను వెంటబెట్టుకొని దైవప్రవక్త (సఅసం) వద్దకు వచ్చి, ఆస్తి లేకపోతే ఈ పిల్లల పెళ్లిళ్లు ఎలా అవుతాయని మొరపెట్టుకున్నారు. అప్పుడు వారసత్వ ఆయతు అవతరించింది. మూడింట రెండు వంతులు కూతుళ్లకు, ఎనిమిదో వంతు వారి తల్లికి ఇచ్చి, మిగిలింది తీసుకోమని దైవప్రవక్త (సఅసం) ఆ సోదరుణ్ణి ఆదేశించారు.

ఆస్తి కొంచెమైనా, ఎక్కువైనా అందులో పురుషులకూ, స్త్రీలకూ నిర్ణీతమైన వాటా ఉందని అన్నిసా సూరా 7వ ఆయతు తెలుపుతోంది. ఇల్లు వేరు, పొలం వేరు అన్న తేడా అందులో లేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక రైతు భార్యను, ముగ్గురు కొడుకులను, ఒక కూతురిని వదిలి మరణించాడు. అతని అప్పులు తీర్చి, వసీయత్ ఉంటే నెరవేర్చిన తర్వాత 8 ఎకరాలు మిగిలింది. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 1 ఎకరం. మిగిలిన 7 ఎకరాల్లో కొడుకులకు తలా 2 ఎకరాలు, కూతురికి 1 ఎకరం. ఆ ఒక్క ఎకరం అన్నదమ్ముల దయ కాదు, ఆమె హక్కు.

పెళ్లికి ఖర్చు పెట్టాం కదా అంటారు కొందరు. ఆ ఖర్చుతో వారసత్వ హక్కు రద్దు కాదు. చెల్లెలే వద్దంది అంటారు మరికొందరు. పుట్టింటి రాకపోకలు ఆగిపోతాయన్న భయంతో చేసిన సంతకం మనస్ఫూర్తిగా వదులుకోవడం అవుతుందా? ముందు ఆమె వాటా ఆమెకు అప్పగించాలి. ఆ తర్వాత ఆమె ఇష్టపడి ఇస్తే అది వేరే సంగతి.

పొలం ముక్కలైపోతుందన్న భయానికీ దారి ఉంది. దైవప్రవక్త (సఅసం) ఖైబర్ భూములను సగం పంట షరతుపై అక్కడి యూదులకే సాగుకిచ్చారు. అలాగే అన్న తన చెల్లెలి వాటాను సాగు చేసుకోవచ్చు. అయితే దానిమీద రావలసింది ఏటేటా ఆమెకు ముట్టాలి. లేదా ఆమె సమ్మతితో న్యాయమైన ధరకు కొనుక్కోవచ్చు.

అందుకే మా మనవి ఇది. తండ్రి కన్నుమూశాక ఆలస్యం చేయకుండా ఆలిములను అడిగి వాటాలు రాయించుకోండి. రెవెన్యూ రికార్డుల్లో వారసుల పేర్లు ఎక్కించేటప్పుడు తల్లి పేరు, ఆడబిడ్డల పేర్లు వదిలేయకండి. ఈరోజు పాసు పుస్తకంలో చేరని పేరు రేపు మనవళ్ల కాలానికి ఎవరికీ గుర్తుండదు.

వాటాలు వివరించిన వెంటనే, ఇవి తాను విధించిన హద్దులని, వాటిని మీరినవారికి నరకశిక్ష ఉందని అల్లాహ్ హెచ్చరించాడు. నమాజు, ఉపవాసాల విషయంలో జాగ్రత్తపడే మనం ఈ హద్దు విషయంలోనూ అంతే జాగ్రత్తపడాలి. హక్కుదారుల హక్కులు మన చేతులతోనే, మనం బతికుండగానే చెల్లించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.