రక్తం పడితే అన్నీ మొలలు కావు

మన బసంత్‌నగర్, గోదావరిఖని ప్రాంతంలో దొడ్డికి పోయినప్పుడు రక్తం కనబడితే చాలామంది "మొలలు" అని తామే నిర్ణయించుకుంటారు. రక్తంతో పాటు బంక పడితే "రక్త విరేచనాలు" అనుకొని మందుల షాపులో అమీబా బిళ్లలు కొనుక్కుంటారు. ఎక్కువసార్లు కారణం మొలలో, చీలికో కావచ్చు. కాని అరుదుగా సాలిటరీ రెక్టల్ అల్సర్ అనే జబ్బు ఉంటుంది. అనగా పెద్దప్రేగు చివరి భాగమైన పురీషనాళంలో వచ్చే పుండు. ఇది క్యాన్సర్ కాదు, అంటువ్యాధి కాదు.

ఎందుకు వస్తుంది?

ముక్కేటప్పుడు మలద్వారం కండరం వదులు కావాలి. కొందరికి అది బిగుసుకుంటుంది. మూతి కట్టిన గోనెసంచిని పైనుండి నొక్కినట్లే! లోపలి పొర కిందికి జారి, నలిగి, రక్తప్రసరణ తగ్గి పుండు పడుతుంది. షిఫ్టు అయ్యేదాకా దొడ్డికి ఆపుకుంటే మలం గట్టిపడి, ముక్కడం ఇంకా ఎక్కువవుతుంది.

లక్షణాలు

• రక్తం, బంక పడటం
• చాలాసేపు ముక్కడం, ఎన్నిసార్లు పోయినా ఇంకా మిగిలినట్లుండటం
• మలద్వారం దగ్గర బరువు, నొప్పి
• వేలితో మలం తీయవలసి రావడం

ఈ చివరి మాట చెప్పడానికి రోగులు, ముఖ్యంగా స్త్రీలు, సిగ్గుపడతారు. దయచేసి నర్సుకైనా చెప్పండి. జబ్బు గుర్తించడానికి అదే పెద్ద ఆధారం.

ఎలా నిర్ధారిస్తారు?

1969లో మాడిగన్, మోర్సన్ అనే వైద్యులు 68 మంది రోగులను పరిశీలించి ఈ జబ్బు లక్షణాలను వివరించారు. పేరులో "ఒంటరి పుండు" అని ఉన్నా, కొందరికి పుండ్లు ఎక్కువ ఉంటాయి. కొందరికి పుండే ఉండదు, ఎర్రదనమో, గడ్డలాంటిదో కనబడుతుంది. చూపుకు క్యాన్సర్‌లా ఉండవచ్చు. అందుకే డాక్టరు వేలితో పరీక్షించి, గొట్టం కెమెరాతో చూసి, చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. బయాప్సీ వద్దనకండి. క్యాన్సర్ అవునో కాదో తేల్చేది అదే.

చికిత్స

మొదటి మందు అలవాటు మార్చుకోవడమే. ముక్కడం మానాలి. దొడ్డిలో ఎక్కువసేపు కూర్చోవద్దు, సెల్‌ఫోను తీసుకుపోవద్దు. జొన్నరొట్టె, ఆకుకూరలు, జామపండ్లు తినాలి, నీళ్లు బాగా తాగాలి. డాక్టరు చెబితే ఇసబ్గోల్ వాడాలి. కండరం వదులు చేసే శిక్షణ కూడా ఉంది. మానడానికి నెలలు పట్టవచ్చు, ఓపిక పట్టాలి. పేగు బయటికి జారేవారిలో కొందరికే ఆపరేషన్ అవసరం.

ఆలస్యం చేయకండి

రక్తం మళ్లీ మళ్లీ పడుతున్నా, బరువు తగ్గినా, రక్తహీనత ఉన్నా, మలవిసర్జన తీరు మారినా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉన్నా వెంటనే డాక్టరుకు చూపించండి. రక్తం ఎక్కువగా పోయి కళ్లు తిరిగితే అదే గంటలో రండి. బోర్డు చూసి మొలలకు సూది, కారం మందు వేయించుకోవద్దు. కారణం తెలిశాకే చికిత్స అని మేము ప్రతి రోగికీ చెబుతున్నాము.